చూడని పుస్తకానికీ ఒక చీటీ

డిజిటల్ గ్రంథాలయం అనగానే మనకు ముందుగా అంకెలు వినిపిస్తాయి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రాజ్‌రెడ్డి గారు ముందుండి నడిపిన యూనివర్సల్ డిజిటల్ లైబ్రరీ పదిహేను లక్షల పుస్తకాలు దాటిందని 2007లో ప్రకటించారు. అందులో చైనీస్ పుస్తకాలు 9,70,000, ఇంగ్లీషు 3,60,000, తెలుగు 50,000. ఇన్ని భాషల మధ్య తెలుగుకు అంత చోటు దక్కినందుకు సంతోషించాం. సంతోషించదగినదే. కానీ ఈ లక్షల్లో స్త్రీలు రాసినవి ఎన్ని, ఎక్కడున్నాయి అని అడిగితే ఆ అంకెలేవీ జవాబు చెప్పవు.

చైనా సాహిత్యంలో ఆ ప్రశ్న వేసుకున్నవాళ్లు వేరే దారిలో వెళ్లారు. కంప్యూటర్ల ఊసే లేని 1957లో హు వెన్‌కాయ్ అనే పండితుడు చైనాలో అన్ని కాలాల రచయిత్రుల పట్టిక ఒకటి అచ్చువేశాడు. అందులో నాలుగు వేలకు పైగా స్త్రీల పేర్లున్నాయి. ఆయన పద్ధతిలో నన్ను ఆకట్టుకున్నది ఒకటుంది. దొరికిన పుస్తకానికి ‘చూశాను’ అని రాశాడు. ఎక్కడో ఒక ప్రస్తావన తప్ప పుస్తకం దొరకకపోతే, ఆ ప్రస్తావన ఎక్కడుందో చెప్పి ‘చూడలేదు’ అని రాశాడు. దొరకలేదు కాబట్టి లేదు అనలేదు.

2005లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో గ్రేస్ ఫాంగ్, హార్వర్డ్-యెన్‌చింగ్ గ్రంథాలయంతో కలిసి మింగ్, చింగ్ కాలాల రచయిత్రుల డిజిటల్ భాండారాన్ని తెరిచింది. మొదలైంది 90 సంపుటాలతోనే. తొమ్మిది లక్షల డెబ్భై వేల ముందు అదెంత? కానీ అక్కడ పుస్తకం పేరు దగ్గరే ఆగిపోనక్కరలేదు. ఒక్కో పద్యం శీర్షికతో, ఒక్కో రచయిత్రి పేరుతో వెతుక్కోవచ్చు. సంకలనం మధ్యలో రెండు పద్యాలు మాత్రమే ఉన్న స్త్రీ కూడా తన పేరుతో తాను దొరుకుతుంది. పెద్ద గ్రంథాలయం కంటే ఈ చిన్న భాండారం స్త్రీల చరిత్రకు ఎక్కువ ఉపయోగపడిందని నేననుకుంటాను.

ఈ వెలుగులో మన పాలమూరు వైపు చూద్దాం. గద్వాల, వనపర్తి సంస్థానాలు, నాగర్‌కర్నూల్ పక్కనే కొల్లాపురం కేంద్రంగా జటప్రోలు సంస్థానం. కవులను పోషించి గద్వాల ‘విద్వద్గద్వాల’ అనిపించుకుంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో ‘గోల్కొండ కవుల సంచిక’ తెచ్చిన సురవరం ప్రతాపరెడ్డి స్వగ్రామం గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడు. 1952లో శాసనసభకు గెలిచింది వనపర్తి నుంచి. ఆ సంచిక కాగితం మీద కట్టిన గ్రంథాలయమే. లేరన్నవాళ్ల ముందు పేర్లు, ఊళ్లు పెట్టి ఉన్నారని చూపించిన పని అది.

అందులోనూ స్త్రీలు పిడికెడు మందే. ఆ పుస్తకాన్ని స్కాన్ చేసి ఒకే చీటీ కింద, సంపాదకుడి పేరుతో పెడితే ఆ పిడికెడు మందీ కనబడరు. మన డిజిటల్ గ్రంథాలయాలు చేసింది ఎక్కువగా ఇదే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో తెలుగు పేర్లను రోమన్ లిపిలో, తప్పులతో ఎక్కించారు. ఆ వెబ్‌సైటు మూతపడ్డాక ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరిన ప్రతులు ఆ తప్పులను కూడా మోసుకెళ్లాయి. సంపాదకుడి పేరే సరిగా దొరకని చోట లోపలి రచయిత్రి ఎట్లా దొరుకుతుంది?

గద్వాల చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ. కవులను ఆదరించిన రాణిగా ఆమె పేరు చెబుతారు. అయితే గ్రంథాలయ చీటీలో రచయితకు గడి ఉంది, ప్రచురణకర్తకు ఉంది, పోషకురాలికి లేదు. అంకితం పేజీలో ఉన్న స్త్రీ కేటలాగులోకి రాదు. నాగర్‌కర్నూల్‌లో కపిలవాయి లింగమూర్తి (1928-2018) జీవితమంతా ఈ నేల సాహిత్యాన్ని, స్థలచరిత్రలను వెలికితీశారు. అటువంటి సేకరణలకు ఆధారమైన తాళపత్రాలను ఇళ్లలో చెదలు పట్టకుండా కాపాడిన చేతులెవరివి? ఆ వివరానికీ మన చీటీలో గడి లేదు.

చైనా నమూనాను తలకెత్తుకోమని నేననడం లేదు. ఆ భాండారంలో ఉన్నది ఎక్కువగా చదువుకున్న కుటుంబాల స్త్రీలు, పుస్తకం అచ్చువేయించగల తండ్రో భర్తో కొడుకో ఉన్నవాళ్లు. దాన్నే అనుసరిస్తే మనకు రాణులు దొరుకుతారు కానీ గద్వాల మగ్గం పక్కన కండెలు చుట్టినామె దొరకదు, నాట్లేస్తూ పాట కట్టినామె దొరకదు. ఆమె పాట ‘జానపదం’ అనే అరలో, ‘అజ్ఞాత’ అనే పేరుతో ఉంటుంది. పాడిన మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా రాసుకున్న పాటకు కర్త అజ్ఞాత ఎట్లా అయింది? స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు, తెలంగాణ పోరాటంలోని స్త్రీల మాటలను వాళ్ల మాటలుగానే నిలబెట్టింది. ఆ నియమం మన ముందుంది.

2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వేర్వేరు జిల్లాలయ్యాయి. అంతకుముందు పుస్తకాల మీద ఊరి చిరునామా నిజాం రాష్ట్రం, హైదరాబాద్ రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్, మహబూబ్‌నగర్ జిల్లా అంటూ మారుతూ వచ్చింది. స్త్రీకి దీనికి తోడు పెళ్లితో ఇంటిపేరూ, ఊరూ మారతాయి. ఈ మార్పులన్నీ ఒకే చీటీలో కలిపి రాయకపోతే ఒకే రచయిత్రి ఇద్దరు ముగ్గురుగా విడిపోతుంది.

కాబట్టి ఈ మూడు జిల్లాల సాహిత్యానికి డిజిటల్ గ్రంథాలయం కట్టాలనుకునేవాళ్లు స్కానర్ కొనకముందే చీటీ నమూనా తయారుచేసుకోవాలి. సంకలనంలో, పత్రికలో ఉన్న ప్రతి రచనకూ విడి చీటీ, తెలుగు లిపిలో. పుట్టింటి పేరు, అత్తింటి పేరు రెండూ. పోషకురాలికి, ప్రతి దాచినామెకు గడులు. పాటైతే పాడినామె పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకుందో, పేరు బయటపెట్టడానికి ఆమె ఒప్పుకుందో లేదో. చివరగా, ప్రస్తావన మాత్రమే మిగిలిన రచనకూ ఒక చీటీ, దాని మీద ‘చూడలేదు’ అన్న మాట. ఆ చీటీ ఉంటే, తర్వాత వచ్చే పరిశోధకురాలు దేన్ని వెతకాలో తెలుసుకుని బయల్దేరుతుంది.

దీనికి పెద్ద నిధులు అక్కర్లేదు. ‘గోల్కొండ కవుల సంచిక’లోని స్త్రీలకు చీటీలు రాయడంతో మొదలుపెట్టవచ్చు. విశ్వవిద్యాలయాల్లో పనిచేస్తున్న మనలో ఇద్దరు ముగ్గురు కూర్చుంటే కొద్దిరోజుల పని.