‘ఖాలిద్’ అంటే అమరుడా?

పేర్ల పుస్తకాలలో ‘ఖాలిద్’ అన్న నామానికి ‘అమరుడు’ అని ఒక్క ముక్కలో అర్థం రాయడం పరిపాటి. పైకి ఇది సరిగానే కనిపిస్తుంది. కాని అరబీ పదాన్నీ, తెలుగు పదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే లోపం తేలుతుంది.

తెలుగులో అమరులంటే ఒక అర్థంలో దేవతలు. మరో అర్థంలో ప్రాణత్యాగం చేసినవారు. ‘అమరుడయ్యాడు’ అంటే మరణించాడనే గదా! బిడ్డకు దీర్ఘాయుష్షు కోరి తండ్రి పెట్టే పేరుకు ఈ రెండూ పొసగవు. మొదటిది తౌహీద్‌కు విరుద్ధం. రెండవది తండ్రి కోరికకే విరుద్ధం.

అరబీలో ‘ఖ-ల-ద’ ధాతువుకు చెడకుండా నిలిచి ఉండటం అని అర్థం. దాని ఇస్మె ఫాయిల్, అంటే కర్తను తెలిపే రూపం, ‘ఖాలిద్’. ఆలిమ్, కాతిబ్ వంటి పదాలు ఈ అచ్చులోనివే. కనుక దీర్ఘాన్ని జరిపి ‘ఖలీద్’ అని రాయడం కూడా సరికాదు. పొయ్యిరాళ్ళను అరబ్బులు ‘ఖవాలిద్’ అన్నారు. అవి శాశ్వతమని కాదు, చాలాకాలం ఉండిపోతాయని. ఇమామ్ రాగిబ్ అస్ఫహానీ తమ ‘ముఫ్రదాత్’లో ఈ భేదాన్ని స్పష్టం చేశారు. తల త్వరగా నెరవని మనిషిని ‘ముఖల్లద్’ అనడమూ ఇటువంటిదే.

దైవప్రవక్త (స)కు పూర్వం ఏ మానవునికీ ‘ఖుల్ద్’ ప్రసాదించలేదని దివ్యఖుర్‌ఆన్ అంబియా సూరా 34వ ఆయత్ తెలుపుతోంది. మరి ఈ పేరు ఎలా సమ్మతమైంది? జవాబు సీరత్‌లో ఉంది. చెడు అర్థమిచ్చే పేర్లను దైవప్రవక్త (స) మార్చేవారు. ‘అవిధేయురాలు’ అని అర్థమిచ్చే పేరుగల స్త్రీకి ‘జమీలా’ అని పేరు పెట్టారు. కాని 622లో మదీనాలో తమకు ఆతిథ్యమిచ్చిన అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) అసలు పేరు ఖాలిద్ బిన్ జైద్. ఆ పేరును మార్చలేదు. ఖాలిద్ బిన్ వలీద్ (రజి) పేరునూ మార్చలేదు. ఆ మహాసేనాని 642లో పడకపైనే కన్నుమూశారు. అంతమాత్రాన ఆయన పేరు అబద్ధం కాలేదు. ఎందుకంటే ఇటువంటి పేరు ఒక దుఆ. తెలుగువారు శుభలేఖలో వరుని పేరుకు ముందు ‘చి.’ అని రాసేదీ ఆ ఆకాంక్షతోనే.

కనుక పేరుగా ‘ఖాలిద్’కు ‘చిరకాలం నిలిచేవాడు’ అని చెప్పాలి. స్వర్గవాసులను ఖుర్‌ఆన్ ‘ఖాలిదీన్’ అన్నచోట మాత్రం ‘శాశ్వతంగా ఉండేవారు’ అనడమే న్యాయం. ఇహలోకంలో కోరుకునే దానినీ, పరలోకంలో వాగ్దానం చేయబడిన దానినీ ఒకే మాటలో కలిపివేస్తే, తన పేరుకు అర్థమేమిటని బిడ్డ అడిగిననాడు తండ్రి చెప్పే జవాబే తప్పవుతుంది.