దిల్‌సుఖ్‌నగర్‌లో ఆస్కార్ పంచాంగం

2023 మార్చి 13, సోమవారం. లాస్ ఏంజెలెస్‌లో ఆదివారం రాత్రి, చైతన్యపురిలో టిఫిన్ల వేళ. బండి చుట్టూ నిలబడ్డవాళ్లకి ఒక చేతిలో ప్లేటు, ఇంకో చేతిలో ఫోన్. ఉత్తమ పాటగా ‘నాటు నాటు’ పేరు చదవగానే దోశ పోస్తున్నాయన గరిటె ఆపి, “మన పాటకేనా అన్నా? పాట రాసిన చంద్రబోస్ మన వరంగల్ దిక్కే గదా!” అన్నాడు. పెనం మీద ఒక దోశ మాడింది. ఎవరూ ఏమీ అనలేదు.

నేను అయిదున్నరకే లేచి కూర్చున్నాను. ఆ ఏడాది వేడుక మన గడియారానికి అప్పుడే మొదలైంది. కానీ నా లెక్కలో అవార్డుల సీజన్ మొదలైంది ఆ పొద్దున కాదు, అంతకు ముందటి ఏప్రిల్లో, కాన్ చిత్రోత్సవం పోటీ జాబితా చూసిన రోజు. కోచింగ్ కోసం దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, హాస్టల్లో నలుగురం ఒక గదిలో సర్దుకుని, తర్వాత ఎల్బీనగర్‌లో అద్దింటికి మారినవాణ్ణి. ఇన్నేళ్లలో నాకు అబ్బిన విద్య ఈ అవార్డుల లెక్క ఒక్కటేనని మా ఇంట్లో దెప్పుతుంటారు. నిజంగానే ఇదొక విద్య. దీనికి పంచాంగం ఉంది, గణితం ఉంది, నియమాలున్నాయి.

తెలుగువాడికి ఇది పరాయి విద్యేం కాదు. ఏ సెంటర్లో ఎన్ని రోజులు ఆడింది, నైజాం వసూళ్లెంత, సంక్రాంతి బరిలో ఎవరెవరున్నారు అని కోణార్క్, వెంకటాద్రి హాళ్ల ముందు నోటిలెక్కలు చెప్పేవాళ్లను చూస్తూ పెరిగాం. మార్చుకోవాల్సింది ఒక్క ప్రశ్నే. ‘ఎంత వసూలు చేసింది’ అనే చోట ‘ఎవరు ఓటేశారు’ అని అడగాలి.

ముందు తిథులు

మేలో కాన్. ఆగస్టు ఆఖర్న వెనిస్, దాని వెనకే టొరంటో. సెప్టెంబరు ప్రాంతంలో ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా మన దేశం తరఫున ఆస్కార్‌కు వెళ్లే ఒకే ఒక్క సినిమా పేరు చెబుతుంది. నవంబరులో గోవా చిత్రోత్సవం, డిసెంబరులో తిరువనంతపురం. సెలవు దొరికినవాళ్లు శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేస్తారు. ఆ డిసెంబరులోనే ఆస్కార్ అంతర్జాతీయ చిత్రాల విభాగంలో 15 పేర్ల తొలి జాబితా వస్తుంది. జనవరిలో గోల్డెన్ గ్లోబ్స్, ఆపైన ఆస్కార్ నామినేషన్లు. అవి మనకు సాయంత్రం ఏడు గంటలకు, కోచింగ్ వదిలే వేళకు తెలుస్తాయి. ఫిబ్రవరిలో బెర్లిన్ చిత్రోత్సవం, బ్రిటన్ బాఫ్టా అవార్డులు. మార్చిలో ఆస్కార్. ఆ హడావిడి సద్దుమణిగేసరికి ఉగాది. 2023లో అది సరిగ్గా తొమ్మిదో రోజున వచ్చింది.

ఓటు ఎవరిది?

బహుమతులన్నీ ఒక్కలాంటివి కావు. కాన్‌లో కొద్దిమంది జ్యూరీ కూర్చుని తేలుస్తారు, అది రచ్చబండ తీర్పు. టొరంటోలో పెద్ద బహుమతి ప్రేక్షకుల ఓటుది, అది జాతరలో జనం మాట. ఆస్కార్ దాదాపు 10,000 మంది సినిమా పనివాళ్ల సంఘం ఇచ్చేది. నామినేషన్ల దశలో ఎక్కువ విభాగాల్లో ఎవరి పనికి వాళ్లే, ఎడిటింగ్‌కి ఎడిటర్లు, సంగీతానికి సంగీతంవాళ్లు ఓటేస్తారు. చివరి ఓటు మాత్రం అందరిదీ. చీర నేతను ముందు నేతగాళ్లే ఎంచి, తర్వాత ఊరందరి ముందు పెట్టినట్టు. కాబట్టి నామినేషన్‌ని తోటి పనివాడి మెప్పుగా, గెలుపుని నలుగురి మెప్పుగా చదువుకోవాలి. రచ్చబండా సంఘమూ ఒకే మాట మీదికి రావడం అరుదు. కొరియా సినిమా ‘పారసైట్’కి 2019లో కాన్ పెద్ద బహుమతి, 2020 ఫిబ్రవరిలో ఉత్తమ చిత్రం ఆస్కార్ రెండూ దక్కాయి. ఇంగ్లిష్ కాని సినిమా ఉత్తమ చిత్రం కావడం అదే మొదలు.

టిఫిన్ లెక్క

ఉత్తమ చిత్రానికి ఓట్లు లెక్కపెట్టే పద్ధతి మిగతా విభాగాల్లాంటిది కాదు. దీన్ని హాస్టల్ కుర్రాళ్లకి నేను ఆదివారం టిఫిన్‌తో చెబుతాను. ఇరవై మంది ఉన్నారు. ఒక్కొక్కరు తమకు ఇష్టమైన వరసలో నాలుగు టిఫిన్లూ చీటీ మీద రాయాలి. విప్పి చూస్తే మొదటి స్థానంలో పూరీకి 8, దోశకి 5, ఇడ్లీకి 4, ఉప్మాకి 3. మామూలు ఎన్నికైతే పూరీ గెలిచినట్టే. ఇక్కడ సగానికి మించి, అంటే 11 రావాలి. రాలేదు కనక అట్టడుగున ఉన్న ఉప్మాను తీసేస్తారు. ఆ మూడు చీటీల్లో రెండో పేరు చూస్తారు. ఒకటి పూరీ, రెండు దోశ. ఇప్పుడు పూరీ 9, దోశ 7, ఇడ్లీ 4. ఈసారి ఇడ్లీ వంతు. ఇడ్లీవాళ్లకి నూనె పడదు, నలుగురి తర్వాతి మాటా దోశే. లెక్క తేలింది. దోశ 11, పూరీ 9.

పూరీ అంటే ప్రాణమిచ్చేవాళ్లు ఎక్కువే, వద్దనేవాళ్లూ ఎక్కువే. దోశను వద్దనేవాళ్లు తక్కువ. ఉత్తమ చిత్రం ఎప్పుడూ ఎవరికీ మరీ కష్టం కలిగించని సినిమాకే ఎందుకు పోతుందని విసుక్కునేవాళ్లకి జవాబు చాలావరకు ఈ లెక్కలోనే ఉంది. అందుకే మేం అంచనా కాగితం మీద రెండు గళ్లు గీస్తాం. ఒకటి ‘గెలిచేది’, రెండోది ‘గెలవాల్సింది’. మొదటి గడి బుద్ధికి పరీక్ష, రెండోది అభిరుచికి. ఓడినవాళ్లు ఇరానీ చాయ్ తాగించాలి. రెండు గళ్లలో ఒకే పేరు రాసినవాణ్ణి మాత్రం మళ్లీ ఆలోచించుకోమంటాం.

జాబితాయే అసలు బహుమతి

నా దగ్గర రూళ్ల నోటు పుస్తకం ఒకటుంది. మూడు వరసలు: దేశం, దర్శకుడు, దొరికే చోటు. డిసెంబరులో వచ్చే ఆ 15 పేర్లు అందులోకి ఎక్కుతాయి. ఒక దేశం ఒక సినిమానే పంపాలన్న నియమం వల్ల ఆ పేజీ చిన్న భూగోళంలా ఉంటుంది. దాని వింతలూ దానికున్నాయి. 2024లో మన దేశం పంపిన ‘లాపతా లేడీస్’ తొలి జాబితాకే చేరలేదు. అదే జాబితాలో మన దేశంలో నడిచే హిందీ కథ ‘సంతోష్’ బ్రిటన్ పేరు మీద కనిపించింది. కాన్‌లో గ్రాండ్ ప్రీ తెచ్చిన పాయల్ కపాడియా ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’ని ఆ విభాగానికి ఏ దేశమూ పంపలేదు.

ఆ ఏడాది పేజీలోనే లాత్వియా ఉంది. సినిమా పేరు ‘ఫ్లో’. వరదలో కొట్టుకుపోయే ఒక పిల్లి కథ, మొదటి నుంచి చివరి దాకా ఒక్క మాట ఉండదు. గింట్స్ జిల్‌బాలోడిస్ దాన్ని బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తీశాడు. 2025 మార్చిలో యానిమేషన్ ఆస్కార్ దానిదే, లాత్వియాకు అదే మొదటి ఆస్కార్. సబ్‌టైటిల్స్ చదవలేక విదేశీ సినిమా అంటేనే ముఖం చాటేసే మా పక్కింటి కుర్రాడికి చూపించాను. వాడు యానిమేషన్ కోర్సులో చేరాడు. సినిమా అయిపోయాక పిల్లి గురించి మాట్లాడలేదు, “అన్నా, మేం క్లాసులో నేర్చుకునేది ఈ సాఫ్ట్‌వేరే!” అన్నాడు. వేడుక ఏదీ చూడని వాడికి జాబితా వల్ల దొరికిన లాభం అది.

దొరికే చోటు అనే వరస ఒకప్పుడు ఖాళీగా ఉండేది. మన పక్క హాళ్లలో ఇలాంటివి పడవు. హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ సినిమాలకు అమీర్‌పేట సారథి స్టూడియో దాకా వెళ్లాలంటే ట్రాఫిక్‌లో సగం సాయంత్రం పోయేది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట-ఎల్బీనగర్ మెట్రో మొదలయ్యాక ఆ 16 కిలోమీటర్లు ఒకే రైలు దూరం అయ్యాయి.

మన గుమ్మంలోంచి

‘నాటు నాటు’ నడిచిన దారి కూడా ఈ విద్యకి మంచి పాఠం. 2022లో దేశం తరఫున వెళ్లింది గుజరాతీ చిత్రం ‘ఛెల్లో షో’, ఈ పాట ఉన్న ‘ఆర్ఆర్ఆర్’ కాదు. దేశం గుమ్మం మూసుకుంటే సినిమా వేరే గుమ్మం తట్టింది. అమెరికాలో థియేటర్లలో ఆడిన సినిమాగా మామూలు విభాగాల్లో పోటీకి దిగింది. పాటని ముందు 15లోకి, తర్వాత అయిదులోకి ఎంచింది సంగీత విభాగం వాళ్లు. బాణీ కట్టిన కీరవాణికి తోటి పనివాళ్ల మెప్పు ముందు దక్కింది, నలుగురి మెప్పు తర్వాత.

దేశం గుమ్మంలోంచి వెళ్లిన తెలుగు సినిమా ఇప్పటికి ఒక్కటే, 1986లో ‘స్వాతిముత్యం’. నామినేషన్ రాలేదు. దాన్ని తీసిన కె. విశ్వనాథ్ 2023 ఫిబ్రవరి 2న కన్నుమూశారు. నలభై రోజులు తిరగకుండానే ‘నాటు నాటు’ గెలిచింది. అంతకు ముందూ మన పేజీ ఖాళీ కాదు. 1952లో తొలి భారత అంతర్జాతీయ చిత్రోత్సవంలో ‘పాతాళభైరవి’ ఉంది. ‘నర్తనశాల’లో కీచకుడికి ఎస్వీ రంగారావు జకార్తాలో ఉత్తమ నటుడయ్యారు. ‘శంకరాభరణం’ ఫ్రాన్స్‌లోని బెజాన్‌సోన్‌లో ప్రేక్షకుల బహుమతి తెచ్చుకుంది. ఇవి నేను బళ్లో నేర్చుకోలేదు. ఇరాన్ సినిమా కోసం వెతుకుతూ వెళితే తగిలిన ఇంటి సంగతులు.

ఈ సీజన్లో లోపాలు లేవని కాదు. ప్రచారానికి డబ్బు కావాలి, లేనివాళ్ల సినిమా ఓటరు కంటనే పడదు. అంతర్జాతీయ విభాగంలో మన దేశానికి ఇన్నేళ్లలో చివరి అయిదులో చోటు మూడుసార్లే దొరికింది: ‘మదర్ ఇండియా’, ‘సలాం బాంబే’, ‘లగాన్’. అయినా అవార్డులను గమనించే ఈ అలవాటు అడగడం నేర్పుతుంది. అది మన దగ్గరా అవసరమే. 1964లో మొదలైన నంది అవార్డులు 2016 సినిమాల తర్వాత ఆగిపోయాయి. తెలంగాణలో గద్దర్ అవార్డులు 2025 జూన్ 14న మొదటిసారి ఇచ్చారు. ఎవరికొచ్చిందని కొట్టుకునే ముందు ఎవరు ఎంచారు, ఏ పద్ధతిలో ఎంచారు, మిగతా పోటీదారులెవరు అని అడిగే ప్రేక్షకుడు మన అవార్డులకీ కావాలి.

అందుకే ఒక్క మాట. వచ్చే డిసెంబరులో 15 పేర్లు వస్తాయి. వాటిలో మీకు ఒక్కటీ తెలియకపోతే మరీ మంచిది. నోటు పుస్తకంలో రాసుకుని, మార్చిలోగా మూడు చూడండి. ఎవరు గెలిచారో టిఫిన్ బండి దగ్గర ఎలాగూ తెలుస్తుంది. మీరు ఏ మూడు చూశారో మాత్రం నాకు చెప్పండి.