ఊరి పేరులో నేరారోపణ: సియాటిల్ హూవర్‌విల్ కథనాల పరిశీలన

తెలుగులో ఊళ్ళ పేర్లపై జరిగిన పరిశోధన తక్కువది కాదు. కేతు విశ్వనాథరెడ్డి ‘కడప ఊర్ల పేర్లు’ వంటి సిద్ధాంత గ్రంథాలు గ్రామనామాన్ని సామాజిక చరిత్రకు ఆధారంగా చదివే పద్ధతిని స్థిరపరిచాయి. పురం, పల్లె, వాడ, పేట వంటి ఉత్తరపదాలకు ముందు వచ్చే వ్యక్తినామం చాలా సందర్భాలలో పాలకుణ్ణో, దాతనో, వారి ఆత్మీయులనో సూచిస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేర నెలకొల్పిన నాగలాపురం అందరికీ తెలిసిన ఉదాహరణ. పాలకుని పేరు ఊరికి పెట్టడమంటే ఈ సంప్రదాయంలో కీర్తిని నిలపడమే.

1930ల ఆర్థిక మాంద్యంలో అమెరికా నగరాల అంచులలో వెలసిన నిరాశ్రయుల శిబిరాలకు స్థిరపడిన ‘హూవర్‌విల్’ అన్న పేరు నిర్మాణరీత్యా మన పురాల వంటిదే. ముందు పాలకుని పేరు, వెనుక ఊరిని తెలిపే ఉత్తరపదం. అర్థంలో మాత్రం అది నేరారోపణ. 1929 నుంచి 1933 వరకు దేశాధ్యక్షుడుగా ఉన్న హెర్బర్ట్ హూవర్ పాలనే ఈ దుస్థితికి కారణమని చెప్పే వ్యంగ్యం ఆ పేరులో ఉంది. కప్పుకొనే పాత వార్తాపత్రికను హూవర్ దుప్పటి అనడం, బయటికి తిరగేసిన ఖాళీ జేబును హూవర్ జెండా అనడం, ఇంధనం కొనలేక గుర్రాలు కట్టి లాగించిన కారును హూవర్ బండి అనడం ఆ వ్యంగ్య కుటుంబంలోనివే. ఈ శిబిరాలను తెలుగులో ‘గుడారాల బస్తీ’ అని అనువదిస్తే వస్తువు తెలుస్తుంది గాని అభియోగం జారిపోతుంది. పైగా గుడారం అనగానే తెలుగు పాఠకునికి సైనిక విడిది, సర్కసు, లేదా బైబిలు అనువాదంలోని ప్రత్యక్షపు గుడారం స్ఫురిస్తాయి. వీటిలో ఏదీ దారిద్ర్యాన్ని సూచించదు. ‘హూవర్‌పురం’ అన్న అనువాదమే మేలు. స్తుతికి వాడే అచ్చులో నింద పోసినట్లు అందులో వెంటనే తెలుస్తుంది.

అదే దశకంలో తెలుగు కవిత్వం నిరాశ్రయత్వాన్ని ఎలా పలికిందో ఒక్క ఉదాహరణ చాలు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ సంపుటిలోని ‘భిక్షువర్షీయసి’లో దారిపక్కన చెట్టుకింద కూర్చున్న ముసలిది ఒంటరి. ఆమె మరణిస్తే ఆ పాపం ఎవరిదన్న ప్రశ్న కవితకు కేంద్రం. కుక్క పలకదు, తొండ తొలగిపోతుంది, ఎంగిలాకు తనది కాదంటుంది. కవి బాధ్యుని పేరు చెప్పడు. చెప్పకపోవడంలోనే ఆ కవిత బలముంది, ఎందుకంటే ఆ నిరాకరణల వరుస చివరికి పాఠకుని దగ్గరకు వచ్చి ఆగుతుంది. హూవర్‌విల్ అన్న పేరు ఇదే ప్రశ్నకు సమాధానాన్ని ముందుగానే ఇచ్చేస్తుంది. ఆ సమాధానం సరైనదేనా, అది ఎవరికి ఉపకరించింది అన్నవి విమర్శ వేయవలసిన ప్రశ్నలు. ఇందుకు సియాటిల్ నగరంలోని హూవర్‌విల్ గురించి మిగిలిన రెండు కథనాలు, జాన్ స్టైన్‌బెక్ 1939 నాటి నవల ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ ఇక్కడ ఆధారాలు.

సియాటిల్ ఓడరేవు నగరం. కలప, నౌకా రవాణా దానికి ఆధారం. మాంద్యంలో రెండూ కుదేలయ్యాయి. 1931 అక్టోబరులో జెస్సీ జాక్సన్ అనే పనిలేని కలప కార్మికుడు, మరో ఇరవై మంది కలిసి రేవు సంస్థకు చెందిన సుమారు తొమ్మిది ఎకరాల ఖాళీ స్థలంలో పాకలు వేసుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఓడలు కట్టి ఆ తరువాత మూతపడిన స్కిన్నర్ అండ్ ఎడీ కర్మాగారపు స్థలమది. నగరాధికారులు గడువిచ్చి ఆ పాకలను తగులబెట్టారు. నివాసులు మళ్ళీ కట్టారు. మళ్ళీ తగులబెట్టారు. మూడోసారి వాళ్ళు నేలలో గుంటలు తవ్వి, పైన రేకులు కప్పి, నిప్పంటుకోని ఇళ్ళు కట్టుకున్నారు. 1932లో కొత్త నగర పాలకవర్గం వచ్చాక రాజీ కుదిరింది. ఆరోగ్య నియమాలు పాటించాలి, నివాసులే ఒక సంఘాన్ని ఎన్నుకొని క్రమశిక్షణకు బాధ్యత వహించాలి, స్త్రీలను పిల్లలను ఉండనీయరాదు. ఈ షరతులపై ఆ ఊరు 1941 ఏప్రిల్ వరకు నిలిచింది. రెండో ప్రపంచ యుద్ధం తెచ్చిన నౌకానిర్మాణ అవసరాలకు ఆ స్థలం కావలసివచ్చినప్పుడు దానిని నిర్మూలించారు. ఒక యుద్ధం విడిచిన నేలపై పుట్టి, మరో యుద్ధం అడిగితే పోయిన ఊరు అది.

ఈ కాలక్రమంలో సాధారణంగా దృష్టికి రాని విషయం ఒకటుంది. తొమ్మిదిన్నర ఏళ్ళ ఆయుర్దాయంలో ఈ ఊరు హూవర్ పాలనలో ఉన్నది ఏడాదిన్నరకు మించదు. 1933 మార్చి నుంచి నిర్మూలన దాకా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. అయినా ఊరి పేరు రూజ్‌వెల్ట్‌విల్‌గా మారలేదు. నేరారోపణ మొదటి ముద్దాయి దగ్గరే గడ్డకట్టింది. ‘హూవర్‌విల్’ పదాన్ని ప్రచారంలోకి తెచ్చినవాడుగా డెమోక్రటిక్ పార్టీ ప్రచార నిర్వాహకుడు చార్లెస్ మైకెల్సన్‌ను చరిత్రకారులు పేర్కొంటారు. జనం నోట బతికిన మాటే అయినా దాని పుట్టుకలో ఎన్నికల ప్రయోజనముంది. ఆ ప్రయోజనం తీరిన తరువాత కూడా పేరు నిలవడంతో, ఎనిమిదేళ్ళపాటు అదే దుస్థితిని కొనసాగనిచ్చిన కొత్త ప్రభుత్వానికి అది కవచమైంది. పాపం ఎవరిదన్న ప్రశ్నకు ఒకే పేరును శాశ్వత సమాధానంగా ఇస్తే తరువాతివారందరూ శ్రీశ్రీ కవితలోని ఎంగిలాకు పాత్రలోకి సులువుగా తప్పుకోగలరు.

జాక్సన్ స్వయంగా రాసిన కథనానికి ప్రాధాన్యం ఇక్కడే. అందులో అతని ధ్యాస ముద్దాయి మీద కాదు, ఊరి నిర్వహణ మీద. దానధర్మ సంస్థలు పెట్టే సత్రాలలో నేలమీద పడుకొని, వరుసలో నిలబడి గంజి తాగే బతుకు నచ్చక తామీ స్థలంలో స్థిరపడ్డామని అతను చెబుతాడు. ఎక్కడ ఉండాలో తామే నిర్ణయించుకున్నామన్న స్వరం అందులో వినిపిస్తుంది. నిరాశ్రయుని నోట కరుణరసాన్ని ఆశించి చదివే పాఠకునికి ఈ కథనం కొంత పొడిగా తోచవచ్చు. నియమాలు, తగాదాల పరిష్కారం, అధికారులతో సంప్రదింపులు ఇందులోని విషయాలు. పత్రికలు అతనికి తగిలించిన ‘మేయర్’ బిరుదులో ఎగతాళి ఉంది. అతని రచనలో మాత్రం ఆ పనిని నిజంగా చేస్తున్నవాని గాంభీర్యం ఉంది. తెలుగు అభ్యుదయ సాహిత్య విమర్శ నిరాశ్రయుణ్ణి ప్రధానంగా బాధితునిగా చదవడానికి అలవాటుపడింది. అతణ్ణి పాలన తెలిసిన పౌరునిగా చదవడానికి జాక్సన్ కథనం ఒక ఆధారం.

రెండో కథనం డొనాల్డ్ రాయ్ అనే విద్యార్థిది. తరువాతి కాలంలో పారిశ్రామిక సమాజశాస్త్రంలో పేరుపొందిన ఇతను వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పట్టా కోసం 1934లో ఆ ఊళ్ళోనే ఒక పాక కొనుక్కొని కాపురమున్నాడు. 1934 మార్చిలో అతని లెక్క ప్రకారం 479 పాకలు, 639 మంది జనం. వారిలో స్త్రీలు ఏడుగురు. షరతును దాటి మిగిలిన ఆ ఏడుగురి గురించి రెండు కథనాలలోనూ చోటు చాలా తక్కువ. శ్వేతజాతీయులు అధిక సంఖ్యాకులు కాగా, సుమారు 120 మంది ఫిలిప్పినోలు, తక్కిన వారిలో నల్లజాతివారు, మెక్సికన్లు ఉన్నారు. ఆరుగురు సభ్యుల నిర్వాహక సంఘంలో ఇద్దరు శ్వేతజాతీయులు, ఇద్దరు నల్లజాతివారు, ఇద్దరు ఫిలిప్పినోలు. బయటి నగరంలో ఆనాడు ఊహకైనా అందని ప్రాతినిధ్యమిది. అయితే ఈ పౌరసత్వానికి ఒక మూల్యముందని మరువరాదు. నగరం వీరికి నిలువనీడనిచ్చింది సంసారం లేని మగవారిగా ఉన్నంతవరకే. ఫిలిప్పినో కార్మికుని సొంత గొంతు వినాలంటే 1930లో సియాటిల్ రేవులోనే దిగిన కార్లోస్ బులోసాన్ 1946లో వెలువరించిన ‘అమెరికా ఈజ్ ఇన్ ది హార్ట్’ వైపు వెళ్ళవలసిందే. రాయ్ పట్టికలో అతని జాతివారు సంఖ్యగానే మిగిలారు.

స్టైన్‌బెక్ నవలలో దృశ్యం వేరు. అక్కడి హూవర్‌విల్ కాలిఫోర్నియా లోయలో పంటకోతల వెంట తిరిగే కుటుంబాల గుడారాల గుంపు. జోడ్ కుటుంబం అక్కడ దిగిన రోజున తల్లి కుండలో కూర ఉడికిస్తుంటే శిబిరంలోని పిల్లలందరూ చుట్టూ చేరి నిలబడతారు. తన వారికి సరిపోని తిండిని పరాయి బిడ్డలకు పెట్టాలా, పెట్టకుండా మింగుడుపడుతుందా అన్న ఆమె సంకటం నవలలోని గొప్ప ఘట్టాలలో ఒకటి. సియాటిల్‌లో ఈ ఘట్టం జరిగే వీలే లేదు, పిల్లలకు ఆ ఊళ్ళో ప్రవేశం లేదు గనుక. నిరాశ్రయ శిబిరమన్న ఒకే మాట కింద ఎంత భిన్నమైన జీవితాలు ఇమిడి ఉన్నాయో దీనివల్ల తెలుస్తుంది.

ఈ నవలలోనూ ఒక ‘మేయర్’ ఉన్నాడు. పోలీసులు తరిమి తరిమి మతి చెదిరిపోయిన ముసలివాడు. ఇక్కడ పెద్ద ఎవరని అడిగిన వారికి శిబిరం చూపగలిగింది అతణ్ణే. స్వపరిపాలన, సంఘాలు, పారిశుద్ధ్యం, మర్యాద, ఇవన్నీ నవలలో కనిపించేది తరువాత వచ్చే వీడ్‌ప్యాచ్ ప్రభుత్వ శిబిరంలో. అది రూజ్‌వెల్ట్ ప్రభుత్వం కట్టించినది. దాని నిజమైన నిర్వాహకుడు టామ్ కాలిన్స్‌కు నవల అంకితంలో భాగముంది. అంటే నవల నైతిక భూగోళంలో హూవర్ పేరున్న చోట అరాచకం, ప్రభుత్వం చేయి వేసిన చోట క్రమం. వలస కుటుంబాలకు నాలుగు రోజులు ఒకచోట నిలవడమే గగనం గనుక వారి శిబిరంలో సంఘం ఏర్పడక పోవడం వాస్తవమే కావచ్చు. కాని ప్రభుత్వపు దయ లేకుండా, దాని నిప్పును ఎదిరించి క్రమాన్ని తామే ఏర్పరచుకున్న సియాటిల్ వంటి హూవర్‌విల్ నవల ఊహకు అందలేదు. స్టైన్‌బెక్ సానుభూతి ఎంత నిజమైనదో, పేరులోని పక్షపాతాన్ని అతను ప్రశ్నించకుండా స్వీకరించడమూ అంతే నిజం. 1939 నాటికి హూవర్ పదవి వీడి ఆరేళ్ళు.

అదే సియాటిల్‌లో, మరో ఆర్థిక సంక్షోభం ముంచుకొచ్చిన 2008 సెప్టెంబరులో, నిరాశ్రయులు గులాబీరంగు గుడారాలతో ఒక శిబిరం వేసి ‘నికల్స్‌విల్’ అని పేరు పెట్టుకున్నారు. గ్రెగ్ నికల్స్ అప్పటి నగర మేయర్. పదవిలో ఉన్నవాడు, కొద్ది మైళ్ళ దూరంలో ఉన్నవాడు, గుడారాలను తొలగించే అధికారం చేతిలో ఉన్నవాడు. హూవర్‌విల్ పేరును ఒక పార్టీ ప్రచారకుడు చలామణీ చేస్తే, ఈ పేరును శిబిరవాసులే నిర్ణయించుకున్నారు. పాత పేరు తెలిసినవారు చేసిన చరిత్ర ప్రస్తావన ఇది. సాహిత్య పరిభాషలో చెప్పాలంటే పూర్వపాఠాన్ని తిరగరాయడం.

తెలుగు నగరాలలో ఇందిరానగర్, ఎన్.టి.ఆర్. నగర్, అంబేద్కర్ నగర్ వంటి పేర్లతో ఉన్న బస్తీలను ఈ సందర్భంలో తలచుకోవచ్చు. ప్రభుత్వ స్థలంలో గుడిసె వేసుకున్నవారు నాయకుని పేరు పెట్టుకోవడంలో అభిమానం ఎంత ఉన్నా, ఆ బోర్డు ముందు బుల్డోజరు కాస్త తటపటాయిస్తుందన్న లెక్క కూడా ఉంది. ఇక్కడ పేరు రక్షరేకు, అక్కడ అభియోగపత్రం. రెండింటికీ మూలం ఒకటే: ఆ నేల తమది కాదని నివాసులకు తెలుసు. ఈ రెండు రకాల నామకరణాన్ని పక్కపక్కన పెట్టి చదవడానికి తెలుగు గ్రామనామ పరిశోధనలో పద్ధతి సిద్ధంగానే ఉంది. అది తామ్రశాసనాల నుంచి రేకుల పాకల దాకా రావాలి.

నికల్స్ 2009 ఎన్నికలో ఓడి పదవి వీడాడు. శిబిరం చోటు మారుతూ, తరువాతి మేయర్ల కాలంలోనూ నికల్స్‌విల్‌గానే కొనసాగింది.