మంచు కనుమ, బస్సు, పాస్‌పోర్టు

ఈమధ్య మన భాషలో విదేశ యాత్రా రచనలు విరివిగా వస్తున్నాయి. ఇది సంతోషించవలసిన విషయమే. ఒకప్పుడు విదేశాలు చూచి వచ్చి రాసినవాడు ప్రభుత్వ ప్రతినిధి వర్గంలో వెళ్లినవాడో, పెద్ద చదువుకు వెళ్లినవాడో అయివుండేవాడు. నేడు వీపున సంచి తగిలించుకుని, చవక బసలలో పడుకుని, బస్సు మీద బస్సు మారుతూ దేశాలు దాటే యువతీ యువకులు రాస్తున్నారు. హోదా తగ్గింది కనుక చూపు పెరుగుతుందని ఆశించాం. కాని ఒక ఘట్టం దగ్గరికి వచ్చేసరికి వీరందరూ ఒకే రచన రాస్తున్నారు. ఆ ఘట్టం మంచుకొండల మీద బస్సులో సరిహద్దు దాటటం.

దాని నమూనా పాఠకులకు కంఠతా వచ్చివుంటుంది. తెల్లవారుజామున బస్సు బయలుదేరుతుంది. అద్దాల మీద ఆవిరి. మలుపు తిరిగేసరికి అంతా తెలుపు. రచయిత నోట మాట రాదు, కాని మూడు పేజీలు వస్తుంది. తరువాత ఠాణా దగ్గర నాలుగు గంటల చలి, ఒక విసుగు, ఒక ముద్ర. మళ్లీ ఎండ. ప్రకృతి ముందు మనిషి ఎంత అల్పుడో అన్న ఒక వాక్యంతో సమాప్తి.

అల్పుడైన ఆ మనిషి ఎవరు? ఈ ప్రశ్న అడిగి చూడటానికి ఒక దారిని తీసుకుందాం. అర్జెంటీనాలోని మెండోసా నుండి చిలీ రాజధాని శాంతియాగోకు పోయే ఆండీస్ దారి. దక్షిణ అమెరికా తిరిగే బ్యాక్‌ప్యాకర్లు తప్పకుండా ఎక్కే బస్సు ఇది. నేనూ ఒకసారి ఎక్కినవాణ్ణే. అంచేత నా విమర్శలో కొంత ఆత్మవిమర్శ కూడా వున్నదని మనవి.

బస్సు ఉస్పల్యాత లోయ దాటి పైకి ఎక్కుతుంది. కుడివైపున 6,961 మీటర్ల అకొంకాగువా శిఖరం ఒక్క క్షణం కనిపించి మాయమవుతుంది. అందరూ దాన్నే చూస్తారు. ఎడమవైపు, అడపాదడపా కుడివైపు కూడా, తుప్పుపట్టిన రేకుల గొట్టాల వంటివి కొండవాలును పట్టుకుని వేలాడుతుంటాయి. అవి మంచు పట్టాల మీద పడకుండా కట్టిన రైలు కప్పులు. క్లార్క్ సోదరులు తలపెట్టిన ఈ రైలుమార్గం 1910లో పూర్తయింది. 1934లో పైనున్న మంచునది అడ్డుకట్ట తెగి వచ్చిన వరద అర్జెంటీనా వైపు దారిని కొట్టుకుపోతే, తిరిగి నడవటానికి పదేళ్లు పట్టింది. 1979లో ప్రయాణికుల బండ్లు, 1984లో సరుకుల బండ్లు ఆగిపోయాయి. 1980లో తెరిచిన మోటారు సొరంగంలో, మూడు వేల మీటర్లకు పైబడిన ఎత్తున, ఇప్పుడు మన బస్సు దూరుతుంది. ఒక దారి చచ్చి మరొక దారి పుట్టిన చరిత్ర కిటికీ పక్కనే తుప్పుపడుతుంటే, మన రచయితకు అది మంచుకు నేపథ్యంలా మాత్రమే కనిపిస్తుంది. కొందరు ‘పాడుబడిన రైలు, ఎంత అందం!’ అని కూడా రాశారు. ఆ కప్పులు కట్టిన చేతుల సంగతి ఒక్కరికీ తట్టలేదు.

ఆ దారిమీద ఇంకా పాతవి వున్నాయి. పద్దెనిమిదవ శతాబ్దంలో అంబ్రోసియో ఓ’హిగ్గిన్స్ ఇటుకతో చిన్న చిన్న గదులు కట్టించాడు. ఎవరికోసం? విహారానికి వచ్చిన దొరలకోసం కాదు. చలికాలంలో స్పెయిన్ సామ్రాజ్యపు టపా మోసుకుని మంచులో నడిచే మనిషి రాత్రి చావకుండా వుండటంకోసం. ఆ గదులలో కొన్ని నేటికీ నిలిచివున్నాయి. 1817లో శాన్ మార్తిన్ స్వాతంత్ర్య సైన్యంలో లాస్ హెరాస్ నడిపిన దళం దాటిందీ ఈ దారినే. ఆ సైన్యపు కాల్బలంలో పెద్ద భాగం బానిసత్వం నుండి విడిపించి తెచ్చిన నల్లజాతివారు. విగ్రహాలు మాత్రం గుర్రమెక్కిన సేనానులకే వున్నాయి.

ఇక ఠాణా దగ్గర నాలుగు గంటలు. ఇక్కడే మన యాత్రా రచన అసలు రంగు బయటపడుతుంది. చిలీలోకి పోయే బస్సు సొరంగం దాటాక ఒకే కప్పుకింద రెండు దేశాల అధికారులూ కూర్చునివుంటారు. ఒకరు పోవటానికి ముద్ర వేస్తారు, పక్క కిటికీలో ఒకరు రావటానికి. తరువాత సంచులన్నీ దింపి వరుసగా పేరుస్తారు, కుక్క వాసన చూస్తుంది. ఆపిల్ పండో, తేనెసీసానో దొరికిందంటే స్వాధీనం. దీనిని మనవాళ్లు హాస్యంగా రాస్తారు: అరటిపండుకు భయపడే రాజ్యం! కాని చిలీ బతుకులో పెద్ద భాగం ద్రాక్ష, చెర్రీ వంటి పళ్ల ఎగుమతి. ఒక వైపు ఎడారి, ఒక వైపు సముద్రం, ఒక వైపు ఈ కొండలు ఆ తోటలకు కోటగోడల్లా వున్నాయి. ఆ గోడలోని తలుపు ఈ ఠాణా. పండుతో పాటు పండు ఈగ వస్తే, తోటలో రోజుకూలికి కోతకోసే మనిషి పని పోతుంది. నా పక్క సీటులోని వృద్ధురాలికి ఈ సంగతి బాగా తెలుసు. సొరంగం రాకముందే తన దగ్గరున్న రెండు ఆపిల్ పళ్లలో ఒకటి తను తిని, రెండవది నాచేత తినిపించింది. హాస్యం రాయదలిస్తే ఇక్కడ వుంది.

బస్సు ప్రయాణికుడు నాలుగు గంటలు విసుక్కుంటాడు. లారీల వరుసను అతడు లెక్కపెట్టాడా? తుఫాను వచ్చి కనుమ మూస్తే రోజులకు రోజులు మూసేవుంటుంది. బస్సువాడు మెండోసా తిరిగిపోయి మరో రాత్రి బసలో పడుకుంటాడు. లారీ డ్రైవరు ఉస్పల్యాతలో బండిలోనే పడుకుని, బండిలోనే వండుకుని, దారి తెరిచేదాకా కాపు కాయాలి. తెరిచేది సూర్యుడు కాదు. మంచు తోసే యంత్రాలమీద రాత్రింబవళ్లు పనిచేసే రోడ్డు కూలీలు. మంచు పడటం ప్రకృతి. మంచు తొలగటం శ్రమ. మొదటిదానికి మూడు పేజీలు, రెండవదానికి మూడు మాటలైనా ఇవ్వని రచన వాస్తవిక రచన అని ఎలా ఒప్పుకుంటాం?

‘ప్రతి యాత్రా రచనా అర్థశాస్త్ర గ్రంథం కావాలా?’ అని మిత్రులు అడగవచ్చు. అక్కరలేదు. ఆ తెలుపు అందమైనదే, ఆ అందాన్ని చెప్పటం నేరమూ కాదు. 1835లో డార్విన్ ఈ కొండలు దాటాడు; పోయేటప్పుడు దక్షిణంగా వున్న పోర్టిల్యో కనుమ మీదుగా, వచ్చేటప్పుడు ఈ ఉస్పల్యాత దారిన. అతనూ శిఖరం మీద నిలబడి పరవశించాడు. కాని అతని పరవశం పక్కనే ఒక చిన్న వాక్యం వుంటుంది: సుంకపు ఠాణాలో అధికారులు మర్యాదగా వున్నారనీ, చిలీ అధ్యక్షుడు తనకిచ్చిన పాస్‌పోర్టు అందుకు కొంత కారణం కావచ్చుననీ. ఆ వాక్యంలో రచయిత తాను ఎవరో చెప్పుకున్నాడు. ఈ నిజాయితీ మన నేటి రచనలలో కొరవడింది. అర్జెంటీనావాడు, చిలీవాడు గుర్తింపు కార్డు చూపి దాటుతారు. భారతీయుడు వీసా సంగతి చూచుకుని మరీ బస్సెక్కాలి. బ్యాంకు నిల్వలు చూపి, నెలల తరబడి తిరిగి సంపాదించిన ఆ కాగితం మంచు దగ్గరికి వచ్చేసరికి కథలోంచి ఎలా జారిపోయింది? దాన్ని దాచి, ‘సంచి ఒక్కటే నా ఆస్తి’ అనటం అబద్ధం.

కాగితం లేనివాడు దాటితే ఎలా వుంటుందో నెరూడా చెప్పాడు. 1948లో సెనేటులో ప్రభుత్వాన్ని ఎదిరించినందుకు అరెస్టు వారంటు వెంటపడితే ఏడాదికి పైగా దాగి, 1949లో ఇంకా దక్షిణాన అడవి దారిన గుర్రం మీద అర్జెంటీనా చేరాడు. 1971 నోబెల్ ఉపన్యాసంలో ఆ ప్రయాణాన్ని వివరించాడు. మన భావుకులు అందులోంచి చెట్లనూ, నదినీ, ఒంటరితనాన్నీ ఏరుకుంటారు. నాకు ముఖ్యమనిపించినవి వేరు. తనతో వచ్చిన నలుగురు సహచరులు. తిరిగివచ్చే దారికోసం వారు చెట్ల బెరడు మీద కత్తితో పెట్టిన గుర్తులు. ఆశ్రయమిచ్చిన కొండవాసులు డబ్బు పుచ్చుకోకపోవటం. వారి పేర్లు అతను చెప్పలేదు. అది లోపమేనని నా అభిప్రాయం. అయినా తాను దాటింది ఒంటరిగా కాదని ఒప్పుకున్నాడు, ఆ ఒప్పుకోలు మీదనే తన కవితాదృక్పథాన్ని నిలబెట్టాడు.

ఈ కథలు గతించినవి కావు. 2021లో వెనెజువేలా నుండి వచ్చిన వేలమంది బొలీవియా వైపు నుండి, మూడున్నర వేల మీటర్లకు పైబడిన కొల్చానె పీఠభూమి మీదుగా కాలినడకన చిలీలోకి వచ్చారు. ఆ చలికి దారిలోనే ప్రాణాలు వదిలినవారున్నారు. అది కూడా ఆండీస్ సరిహద్దే. అదే చలి, అదే ఆకాశం. అక్కడ బస్సు లేదు, రెండు కిటికీలు లేవు. అదే దేశంలోకి ఒకడు ముద్ర కోసం, మరొకడు తెల్లవారటం కోసం ఎదురుచూస్తుంటే, ఇద్దరి చలినీ ఒకే విశేషణంతో వర్ణించటానికి వీలులేదు.

తెలుగులో ఇందుకు ఒరవడి లేకపోలేదు. 1830–31లో కాశీకి పోయివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య పల్లకిలో పోయాడు. పరివారంతో, హోదాతో పోయాడు. కాని పల్లకి మోసిన బోయీలను దాచలేదు. మజిలీ ఎంత దూరం, నీళ్లున్నాయా, దుకాణాలున్నాయా, దారి ఎట్లా వుంది అన్నీ రాశాడు. అతని సామాజిక దృష్టితో మనకు పేచీ వుండవచ్చు. అతని రాతలో దారి మాత్రం వుంది. వీపున సంచితో ఆండీస్ దాటిన మన మిత్రులు తమ పల్లకిని ఎవరు మోస్తున్నారో ఈసారి కిటికీలోంచి చూచి రాయాలి. లారీల వరుస ఎడమపక్కన వుంటుంది.