గజేంద్రుని సందేహం: పోతన విశ్వాస చిత్రణపై ఒక పరిశీలన

1. పరిచయం

గజేంద్రమోక్షం మీకు కొత్త కథ కాదు. ఇందులోని పద్యాలు ఒకటి రెండయినా మీరు బడిలో కంఠస్థం చేసి ఉంటారు, లేదా ఇంట్లో పెద్దలు చదువుతుంటే విని ఉంటారు. కథ ఇంతగా తెలిసి ఉండటమే విమర్శకు ఒక ఇబ్బంది. చివరకు విష్ణువు వస్తాడని ముందే తెలుసు కాబట్టి, మధ్యలో ఏనుగు పడిన సందేహాన్ని మనం తొందరగా దాటేస్తాం. ఈ భాగంలో ఆ సందేహం దగ్గరే ఆగుదాం. నమ్మినవాణ్ణి దేవుడు విడువడని చెప్పే కథలో, దేవుడు ఉన్నాడా లేడా అనే ప్రశ్నను కవి ఎందుకు పెట్టాడు? అది విశ్వాసానికి అడ్డమా, లేక అందులో ఒక భాగమా?

2. మూలం, పోతన చేసిన చేర్పు

ఈ కథ భాగవతం అష్టమ స్కంధంలోనిది. త్రికూట పర్వతం మీది మడుగులో దిగిన గజరాజును మొసలి పట్టుకుంటుంది. పోరు వేయి సంవత్సరాలు సాగుతుంది. సంస్కృత మూలంలో గజేంద్రుడు పూర్వజన్మలో నేర్చుకున్న స్తోత్రాన్ని జపిస్తాడు. అది ప్రధానంగా తత్త్వస్తుతి. నామరూపాలు లేని పరమాత్మ స్వరూపాన్ని అది వర్ణిస్తుంది. 15వ శతాబ్దికి చెందిన బమ్మెర పోతన ఆ తత్త్వాన్ని వదలలేదు. జగత్తు ఎవరి వల్ల పుట్టి, ఎవరిలో అణగుతుందో ఆయన్నే శరణు కోరుతున్నానని అతని ఏనుగు కూడా అంటుంది. అయితే ఆ గంభీరమైన స్తుతి తరువాత, మూలంలో లేని సూటి ప్రశ్న ఒకటి వస్తుంది. దీనుల పట్ల ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉంటాడంటారు. ఇంతకీ ఉన్నాడో లేడో అని ఏనుగు తనలో తాను తర్కించుకుంటుంది.

దీన్ని క్షణికమైన బలహీనతగా భావించి, ఆ తరువాత భక్తి గెలిచిందని వివరించడం తేలిక. ఈ వివరణ సరిపోతుందో లేదో పద్యాల వరుసను చూసి తేల్చుకుందాం.

3. సందేహం రెండుసార్లు

మీ పాఠ్యపుస్తకం తెరిచి వరుస గమనించండి. మొదటి సందేహం తరువాత, ఆయన నా విషయంలో లేకుండా పోతాడా అని గజేంద్రుడు తనకు తానే నచ్చజెప్పుకుంటాడు. ఆపైన తన బలం పోయిందనీ, ధైర్యం సడలిందనీ, దేవుడు తప్ప వేరే దిక్కు లేదనీ పూర్తిగా లొంగిపోతాడు. సందేహం నిజంగా తీరిపోయి ఉంటే కథ ఇక్కడే మలుపు తిరగాలి. కాని వెంటనే వచ్చే పద్యంలో సందేహం మళ్లీ తలెత్తుతుంది. జీవుల మాటలు వింటాడట, పిలిస్తే పలుకుతాడట, అన్నీ చూస్తాడట; నాకు మాత్రం సందేహంగా ఉంది అంటాడు. అంటే శరణాగతి సందేహాన్ని తుడిచివేయలేదు.

మరి మారింది ఏమిటి? రెండు పద్యాల్లోని క్రియలను, సంబోధనలను పోల్చి చూడండి. మొదటి దానిలో దేవుడు ప్రథమ పురుషలో ఉన్నాడు. ఆయన గురించి ఏనుగు తనతోనే మాట్లాడుకుంటోంది. రెండవ దానిలో ఆ సందేహాన్ని కరుణా సముద్రుడా అని పిలిచి ఆయనకే చెబుతోంది. సందేహం పోలేదు, అది వినే చెవి మాత్రం మారింది. లేడేమో అనుకున్నవాడితోనే ఆ మాట చెప్పుకోవడాన్ని నాస్తికత అనలేం.

రెండు చోట్లా ఉన్న మరో పోలిక, 'అంటారు', 'అట' అనే మాటలు. తాను చూడనిదాన్ని ఇతరుల మాటగా చెప్పేటప్పుడు తెలుగువారు 'అట' అంటారు. గజేంద్రునికి అప్పటివరకు ఉన్నది విన్న విశ్వాసం. ఆపదలో అది చాలదు. అతని సందేహం దేవుడి మీద ఎంత ఉందో, ఆ వినికిడి మీద కూడా అంతే ఉంది.

4. జవాబు ఎలా వచ్చింది?

పోతన విష్ణువు ఈ సందేహానికి వాదంతో జవాబివ్వడు. నేనున్నాను అని కూడా అనడు, బయలుదేరుతాడు. లక్ష్మికి చెప్పకుండా, శంఖచక్రాలు తీసుకోకుండా, గరుడుణ్ణి సిద్ధం చేయకుండా, చేతిలోని ఆమె పైట చెంగు సైతం విడవకుండా కదులుతాడు. మూలంలో ఆయన గరుడుని మీద చక్రధారియై వస్తాడు. ఈ తత్తరపాటు పోతన కల్పన. మాట నిలుపుకోవడం అంటే పోతన దృష్టిలో పరుగెత్తి రావడం. సందేహించినందుకు చిన్న మందలింపు కూడా లేకపోవడాన్ని గమనించండి.

5. రెండు ఆక్షేపణలు

మొదటిది: గజేంద్రుడు పూర్వజన్మలో విష్ణుభక్తుడైన ఇంద్రద్యుమ్న మహారాజు, అగస్త్యుని శాపం వల్ల ఏనుగైనాడు. అలాంటప్పుడు రక్షించింది పాత పుణ్యమే కదా? ఎవరిని పిలవాలో ఆ పుణ్యం తెలియజేసిందని ఒప్పుకోవచ్చు. కాని అది అతణ్ణి సందేహం నుంచి తప్పించలేదు. అంతటి భక్తుడికి కూడా సందేహం తప్పలేదన్నదే ఈ ఘట్టంలో మిగిలే సత్యం.

రెండవది మరింత కష్టమైనది. వేయేళ్లు పోరాడే దాకా దేవుడు ఎందుకు రాలేదు? స్వబలం మీద ఆశ ఉన్నంతకాలం ఏనుగు పిలవలేదన్నది సంప్రదాయం ఇచ్చే సమాధానం. కథలో ఇది పొసగుతుంది. కాని పిలిచినా ఎవరూ రాని మనుషులు లోకంలో ఉన్నారు. వారికి ఈ సమాధానం చాలదు, పద్యాలు కూడా ఆ లెక్క తేల్చవు. ఈ ఘట్టం వారికి ఇవ్వగలిగింది వేరు: ఉన్నావో లేవో తెలియడం లేదని దేవుడితోనే అనగలిగే చనువు.

6. సారాంశం

నమ్మకం గట్టిగా ఉన్నవాణ్ణే దేవుడు కాపాడతాడని ఈ ఘట్టం చెప్పదు. నమ్మకం సడలినప్పుడు కూడా పిలుపు ఆగకపోవడం, ఆ పిలుపుకు ఆయన కదలడం ఇక్కడి విషయం. కథను నిలబెట్టేది భక్తుని స్థైర్యం కాదు, దేవుని నిలకడ. పరీక్షలో సమాధానం రాసేటప్పుడు సందేహాన్ని 'బలహీనత' అనే ఒక్క మాటతో వదిలేయకండి. అది రెండుసార్లు ఎందుకు వచ్చిందో, రెండవసారి ఎవరితో చెప్పబడిందో వివరించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గజేంద్రుని రెండు సందేహాలకు గల భేదాన్ని పద్యాల వరుస ఆధారంగా వివరించండి.
2. విష్ణువు తత్తరపాటును పోతన చిత్రించిన తీరు సందేహానికి ఏ విధంగా జవాబవుతుంది?
3. భద్రాచల రామదాసు కీర్తనల్లోని నిష్ఠూరాన్ని గజేంద్రుని సందేహంతో పోల్చండి.