ఒక పూట విస్తరి

అనిత్యతను గూర్చి పెద్దలు చెప్పిన వేదాంతము ఎంత విన్నను చెవి దాటి లోనికి పోని నాకు, విస్తరాకులు కుట్టు స్త్రీల చేతులను చూచిన పిదప ఆ విషయము కొంత బోధపడినది.

మోదుగ ఫాల్గునమున ఆకు రాల్చి, ఎఱ్ఱని పూవులతో నిండి, పిదప చిగుర్చి, ఆ చిగురు ముదిరి బిరుసెక్కిన తరువాతనే కుట్టుపనికి అక్కఱకు వచ్చును. కోసిన ఆకును వాడ్చి, బరువు క్రింద నుంచి చదును చేసి, నీళ్లు చిలుకరించి మెత్తపఱచి, ఒకదాని అంచుపై నొకటి ఎక్కునట్లు పేర్చి, చీపురుపుల్లతో గ్రుచ్చి విఱుచుచు పోవలెను. పుల్లమొన పైకి లేచినచో తినువాని వ్రేలికి గ్రుచ్చుకొనును. కుట్టు వదులైనచో చారు నేలపాలు. పాడేరు వైపు మన్యములో మోదుగకు మాఱు అడ్డాకు. జంటతమ్మెలుగల ఆ వెడల్పాటి ఆకును గిరిజన స్త్రీలు అడవి తీగలనుండి కోసి, కట్టలు కట్టి సంతకు తెత్తురు.

ఇంత శ్రమకును ఫలమైన విస్తరి ఆయువు పప్పు మొదలు మజ్జిగ వఱకే. పంక్తి లేచునప్పుడు మడతపడి (శుభకార్యములందు తన వైపునకే మడువవలెనని మా పెద్దలు పట్టుబట్టెడివారు) పెంటకుప్ప చేరి, పశువుల నోటబడునో, వానకు కుళ్లి ఎరువగునో. అయినను కుట్టునామె ఒక్క పుల్లయు తగ్గింపదు. శిల్పి వేయేండ్లకై చెక్కును, ఈమె గడియసేపునకై కుట్టును; శ్రద్ధలో ఎక్కువ తక్కువలు నాకు కానరావు. నిలుకడను బట్టియే పనిని గౌరవించు మన అలవాటు మాత్రము నాకెన్నడును రుచింపలేదు.

నేటి పెండ్లిపందిళ్లలో అరటియాకు రంగు అచ్చొత్తి, ప్లాస్టిక్కు పొర పూసిన కాగితపు విస్తళ్లు వచ్చినవి. వాని వాడుకయు ఒక్క పూటయే, గాని ఆ పొర మన మనుమల కాలమునకును మట్టిలో కలియదు. 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పాఱవేయు ప్లాస్టిక్కు పళ్లెములు దేశమంతట నిషిద్ధములైనను, కాగితము మాటున దాగిన పొర పంక్తులలో కానవచ్చుచునే యున్నది. పోవలసిన వేళకు పోని వస్తువే నన్ను ఎక్కువ భయపెట్టుచున్నది.

రానున్న మాఘమున ఇంట పెండ్లి తలపెట్టినవారు వంటవారితో బేరమాడుటకు ముందే విస్తళ్లు కుట్టువారికి కబురంపుడు. వందల ఆకు ఒక్కనాట కుట్టుపడదు.