ఎవరి గడియారం? : ఒక బెంగాలీ కథ, కలకత్తా వేలంపాటలు

హౌరా స్టేషనులో ఎవరినైనా కలుసుకోవాలంటే చెప్పుకునే గుర్తు ఒక్కటే: 'బొడొ ఘొడి', అంటే పెద్ద గడియారం. ఇంగ్లండులోని లీసెస్టరు నగరానికి చెందిన జెంట్స్ కంపెనీ తయారుచేయగా 1926లో అక్కడ అమర్చిన ఈ రెండు ముఖాల గడియారం కింద, తరతరాలుగా మద్రాసు మెయిలు దిగిన తెలుగువారు కూడా తమ బంధువుల కోసం ఎదురుచూస్తూ నిలబడ్డారు. అది అందరిదీ, కనుక దాని యజమాని ఎవరన్న ప్రశ్న ఎవరికీ తోచదు. వంతెన దాటి కలకత్తాలో అడుగుపెడితే మరొక జాతి గడియారం ఎదురవుతుంది. బెంగాలీలో దానిని 'ట్యాంక్‌ఘొడి' అంటారు. రొంటిన దోపుకునే గడియారమని అర్థం. తెలుగునాట గొలుసు గడియారం, జేబు గడియారం అన్నది ఇదే. ఒకప్పుడు ఒకే మనిషికి చెందిన ఈ వస్తువు ఆ మనిషి పోయిన తర్వాత ఎవరిదవుతుంది? ఈ ప్రశ్నకు కలకత్తా నగరం రెండు చోట్ల జవాబు చెప్పింది: ఒకటి రస్సెల్ స్ట్రీటు వేలంశాలల్లో, రెండవది సత్యజిత్ రాయ్ రాసిన ఒక డిటెక్టివ్ నవలికలో.

తెలుగు 'వేలం', బెంగాలీ 'నిలామ్' రెండూ ఒకే పోర్చుగీసు మాట నుండి పుట్టాయని నిఘంటుకారుల అభిప్రాయం. అయితే తెలుగువాడు ఆ మాటకు 'పాట' అన్నది చేర్చుకున్నాడు. ధర చెప్పడం మనకు పాడటమే. రేవులో చేపలబుట్టకు, దేవాలయపు మాన్యం కౌలుకు, చెరువుగట్టు చింతచెట్ల కాపుకు పాడే పాటలో ఒక ధర్మముంది. సరుకు ఎక్కడిదో, ఎవరిదో పాడేవారందరికీ తెలుసు. నగరపు వేలంశాలలో ఆ ఎరుక ఉండదు. 1940లో నెలకొన్న రస్సెల్ ఎక్స్ఛేంజి ఆదివారపు వేలాలకు పేరుపొందింది. దేశం విడిచి వెళ్లిన దొరల ఇళ్లు, అప్పులలో మునిగిన జమీందారీ భవంతులు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల ముందుగదులు ఇలాంటి వేలంశాలల గుండానే విడివిడి సామాన్లుగా మారి బయటకు పోయాయి. కుర్చీ ఒక ఇంటికి, గ్రామఫోను మరొక ఇంటికి, గడియారం మూడవ చేతికి. ఇల్లు మాత్రం ఎవరి ఇంటికీ వెళ్లలేదు.

పాత జేబు గడియారాన్ని పాడుకునేవాడిని మొదట మోసగించేది 'రత్నాలు' అన్న మాట. మూత మీద పొదిగిన రాళ్లు వేరు, లోపలి యంత్రంలో ఇరుసులు తిరిగే గుంటలలో అమర్చిన కెంపులు వేరు. రాళ్లకు రంధ్రం చేసి గడియారంలో వాడే విద్యకు 1704లోనే లండనులో పేటెంటు లభించింది. ఇరుసు అరుగుదలను తగ్గించడమే దాని ప్రయోజనం. 20వ శతాబ్దం తొలి సంవత్సరాలలో కృత్రిమ కెంపులు తయారుచేసే పద్ధతి వెల్లడైన తర్వాత ఈ లోపలి రాళ్ల వెల నామమాత్రమైంది. '15 జువెల్స్' అన్న రాత పనితనానికి గుర్తు మాత్రమే, సంపదకు కాదు. పై కవచపు బంగారం సంగతి ఇంకా విచారకరం. కంసాలి త్రాసులో దానికి నిలకడైన ధర ఉన్నందువల్లనే ఎన్నో కవచాలు కరిగిపోయి, వాటి యంత్రాలు వేరే తొడుగుల్లో దూరాయి. అందుకే తెలిసినవారు ముందుగా వెనుక మూత తెరచి కవచం మీది అంకెను, యంత్రం మీది అంకెను, ముద్రలను, లోపల చెక్కిన పేరును చూస్తారు. రాళ్ల లెక్క ఆ తర్వాత. అంటే వారు చదువుతున్నది ఒక విధంగా గ్రంథాన్నే.

ఈ చదువును కథావస్తువుగా చేసుకున్న రచన 'గోరొస్తానే సాబ్ధాన్' (శ్మశానంలో జాగ్రత్త). 1977లో 'దేశ్' పత్రిక శారదీయ సంచికలో వెలువడిన ఈ ఫేలూదా నవలికను రాయ్ కుమారుడు సందీప్ 2010లో చలనచిత్రంగా తీశారు. డిటెక్టివ్ కథ అనగానే విమర్శకులు ముఖం తిప్పుకోవడం తెలుగువారికి కొత్త కాదు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌ను ఇంటింటా చదివారు. సాహిత్య చరిత్రలు మాత్రం ఆయనకు ఒక పేరా కేటాయించి ముందుకు సాగాయి. బెంగాలీలో అటువంటి అంటు ఇంత గట్టిగా లేకపోవడానికి రాయ్ వంటివారు పిల్లల కోసం, కుర్రకారు కోసం రాస్తున్నప్పుడు కూడా భాషను, వివరాన్ని తేలికచేయకపోవడం ఒక కారణం.

కథ సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటికలో మొదలవుతుంది. 1767లో ప్రారంభమైన ఈ చోటే సర్ విలియం జోన్స్, హెన్రీ డెరోజియో నిద్రిస్తున్నారు. గాలివాన తర్వాత ఒక సమాధి దగ్గర మట్టి కదిలి ఉంటుంది. ఆ సమాధి థామస్ గాడ్విన్ అనే కల్పిత పాత్రది. అతని వంటకు మెచ్చి అవధ్ నవాబు సాదత్ అలీ బహూకరించిన పెరిగల్ రిపీటర్ అతనితోపాటే భూమిలో ఉందన్నది కథకు మూలం. పెరిగల్ పేరు కల్పన కాదు. 18వ శతాబ్దపు లండనులో పేరుమోసిన గడియారాల పనివారి వంశమది. రిపీటర్ అంటే మీట నొక్కితే గంటలను, పావుగంటలను మోగి చెప్పేది. అగ్గిపుల్ల కూడా లేని కాలంలో చీకటి గదిలో వేళ తెలుసుకోవడానికి పుట్టిన సాధనం. వెలుతురే చేరని చోట, వేళతో పనిలేని మనిషి పక్కన దానిని పాతిపెట్టించడంలో రాయ్ గడుసుదనం కనిపిస్తుంది. ఆ మాట పైకి చెప్పకపోవడం ఆయన సంయమనం.

ఇంకా ముఖ్యమైనది నవాబు ఇచ్చింది దేనికి అన్నది. యుద్ధంలో గెలిచినందుకో, సంధి కుదిర్చినందుకో కాదు, అన్నం రుచిగా వండినందుకు. కలకత్తా పాఠకుడికి లక్నో పేరు వినగానే వాజిద్ అలీ షా గుర్తుకు రాక మానడు. 1856లో రాజ్యం పోగొట్టుకుని హుగ్లీ ఒడ్డున మటియాబుర్జ్‌లో మరొక చిన్న లక్నో కట్టుకున్న ఆయన 1887లో మరణించగానే ఆ సంపద చెదరిపోయింది. కాబట్టి లక్నో నవాబు చేతి నుండి వచ్చిన గడియారమంటే ఆ నగరంలో కేవలం పాత వస్తువు కాదు. దాని వెనుక పోయిన ఇంటి వాసన ఉంది.

ఫేలూదా పరిశోధన సాగే తీరు ఈ నవలికలోకెల్లా విలువైన భాగం. తుపాకీ కన్నా కాగితం ఇక్కడ ఎక్కువ పనిచేస్తుంది. సమాధి ఫలకం, గాడ్విన్ కుమార్తె షార్లెట్ డైరీ, బోర్న్ అండ్ షెపర్డ్ స్టూడియోలో ఒక నంబరుతో భద్రంగా ఉన్న పాత ఫోటో: వీటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివితే గడియారం ఎవరిదో, ఆ కుటుంబం ఇప్పుడు ఏ పేరుతో బతుకుతున్నదో తేలుతుంది. వేలంశాల విడగొట్టిన ఇంటిని డిటెక్టివ్ తిరిగి కూరుస్తాడు. ముగింపు ఇక్కడ వెల్లడించడం కథకు అన్యాయమవుతుంది కాని, గడియారం దొరకడం కన్నా ఆ కుటుంబవృక్షం దొరకడమే పాఠకుడికి ఎక్కువ తృప్తినిస్తుందని చెప్పవచ్చు.

లోపం ఒకటుంది, అది చిన్నది కాదు. గడియారాలు సేకరించే ధనికుడు మహాదేవ్ చౌధురి పట్ల కథకు ఏ సానుభూతీ లేదు. సేకర్తను ఆశపోతుగా చూపడం డిటెక్టివ్ కథకు సులువైన దారి. రాయ్ అంతటివాడు ఆ దారి పట్టకుండా ఉండవలసింది. హైదరాబాదు ఎరిగిన పాఠకుడికి ఇది మరింత స్పష్టంగా తెలుస్తుంది. మూడవ సాలార్ జంగ్, మీర్ యూసుఫ్ అలీ ఖాన్, 1949లో వారసులు లేకుండా మరణించే నాటికి దేశదేశాల నుండి కొని పోగుచేసిన సామగ్రి 1951లో ప్రజల ముందుకు వచ్చింది. 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. అక్కడ గంటగంటకూ బయటికొచ్చి గంట కొట్టే బొమ్మ ముందు జనం గుమికూడుతారు. ఆ గడియారానికి పెట్టిన పేరు కుక్ అండ్ కెల్వీ, కలకత్తాలో ప్రసిద్ధి చెందిన గడియారాల దుకాణం. ఆ కొనుగోలు లేకుంటే అది ఏ గోదాములోనో విడిభాగాలయ్యేది. ఆశ అన్నది ఒక్కోసారి కాపలా కూడా కాస్తుంది. రాయ్ నవలికలో ఈ రెండవ ముఖానికి చోటు దక్కలేదు.

కథలో ఫేలూదాకు దారి చూపిన సాక్ష్యాల విషయంలో వాస్తవ జీవితం మరింత కఠినంగా ఉంది. 1991లో బోర్న్ అండ్ షెపర్డ్ భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో పాత నెగటివులు చాలావరకు కాలిపోయాయి. 2016లో స్టూడియోయే మూతపడింది. నేడు అటువంటి నంబరు పట్టుకుని వెళ్లే ఫేలూదాకు తలుపు తీసేవారుండరు.

కథ తోడుంటే గడియారం ధర ఏమవుతుందో 2009 మార్చిలో న్యూయార్కు చూపించింది. గాంధీజీ జెనిత్ జేబు గడియారం, కళ్లద్దాలు, చెప్పులు, గిన్నె, పళ్లెం కలిపి ఆంటికోరమ్ సంస్థ వేలం వేస్తే భారతీయ పారిశ్రామికవేత్త విజయ్ మాల్యా 18 లక్షల డాలర్లకు పాడుకున్నారు. అమ్మకం వద్దని ఇక్కడ ప్రభుత్వం, న్యాయస్థానం కదిలినా పాట ఆగలేదు. ఆ గడియారంలో రత్నాలు పొదగలేదు. నిరాడంబరుడైన ఒక మనిషి మొలకు వేలాడినందుకే ఆ ధర. వస్తువు వెల అంతా దాని సాక్ష్యంలోనే ఉన్నదని దీనికన్నా బాహాటంగా చెప్పే ఉదాహరణ దొరకదు. ఆ సాక్ష్యం నిలిచింది గాంధీజీ జీవితం అక్షరం అక్షరం నమోదైనందువల్ల. బందరులో ఒక వకీలు గడియారానికో, పర్లాకిమిడిలో ఒక దివాను గడియారానికో ఆ అదృష్టం లేదు. పాత గ్రూపు ఫోటోలలో కోటు గుండీకి వేలాడే గొలుసు కనిపిస్తుంది. గడియారం ఏమైందో మనవలకే తెలియదు.

1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ఇటువంటి వస్తువులను దేశం దాటనివ్వదు. వాటి వ్యాపారికి లైసెన్సును, రిజిస్టర్లను, ఫోటోలను తప్పనిసరి చేస్తుంది. చట్టం ఉద్దేశం ఉత్తమమైనదే. అయితే అది గుర్తించే ప్రమాణం వయస్సు, నూరేళ్లు. వస్తువు వెంట వచ్చిన కథకు ఆ నిర్వచనంలో గడి లేదు. 1935లో తయారై ఏ రైల్వే ఉద్యోగి పదవీ విరమణనాడో అతని పేరు చెక్కించి ఇచ్చిన గడియారం 2035 వరకు పురావస్తువు కాదు. అప్పటిదాకా అది ఎన్ని ఆదివారాలు ఎన్ని బల్లల మీదకు ఎక్కినా, ఏ ఇంటి నుండి వచ్చిందని ఈ చట్టం కింద అడిగేవారు లేరు. మూత లోపలి పేరును కొత్త యజమాని సాన పట్టించి చెరిపివేసినా అది నేరం కాదు.